మీకు తెలుసా? జీపు టాపు మీద లైట్లకూ ఏసీకి వేసేంత లావు తీగ కావాలి

ఎండాకాలం నంద్యాల జిల్లా గోస్పాడులో ఒక పడగ్గదిలో తిరిగే టన్నున్నర ఏసీ సుమారు ఆరేడు ఆంపియర్ల కరెంటు లాగుతుంది. ఆ ఇంటి ముందు నిలబెట్టిన జీపు టాపు క్యారియర్‌కు నాలుగు హాలోజెన్ లైట్లు బిగించి వెలిగిస్తే, అవి లాగే కరెంటు ఎంతో తెలుసా? పద్దెనిమిది ఆంపియర్లకు పైనే. ఏసీకి రెండున్నర రెట్లు.

లెక్క తేలికే. ఒక్కో లైటు 55 వాట్లు, నాలుగూ కలిసి 220 వాట్లు. ఇంట్లో 230 వోల్టుల కరెంటు మీద ఇది ఒక్క ఆంపియర్ కూడా కాదు. బండి బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే కాబట్టి అవే 220 వాట్లకు 18.3 ఆంపియర్లు పారాలి. తీగను వేడెక్కించేది వాట్లు కాదు, అందులో పారే ఆంపియర్లు. ఆంపియర్లు రెట్టింపైతే వేడి నాలుగింతలు అవుతుంది.

ఏసీ పెట్టిస్తున్నామంటే ఎలక్ట్రీషియన్ అడగకుండానే నాలుగు స్క్వేర్ ఎంఎం వైరు తెచ్చి లాగుతాడు. జీపు టాపు మీదికి మాత్రం షెడ్డులో మిగిలిన స్పీకరు వైరో, ఒక స్క్వేర్ ఎంఎం ఇంటి వైరో ఎక్కుతుంది. "పన్నెండు వోల్టులే కదా, షాకేమైనా కొడుతుందా" అనే మాట నంద్యాలలో, ఆళ్లగడ్డలో ఏ షెడ్డులోనైనా వినిపిస్తుంది. నిజమే, షాకు కొట్టదు. కాలుతుంది.

ఆ సన్న వైరు చేసే నష్టం అంకెల్లో చూడండి. బ్యాటరీ నుంచి బానెట్ దాటి, అద్దం పక్క స్తంభం వెంట టాపు దాకా అయిదు మీటర్ల తీగ అనుకుందాం. ఒక స్క్వేర్ ఎంఎం రాగి తీగలో పద్దెనిమిది ఆంపియర్లు పారితే దారిలోనే ఒకటిన్నర వోల్టు పైన పోతుంది. పన్నెండు వోల్టులు బయల్దేరితే లైటు దగ్గరికి పదిన్నర చేరుతాయి. "ఒకటిన్నర వోల్టేగా" అనిపించవచ్చు. హాలోజెన్ బల్బు అలా ఊరుకోదు. దాని వెలుగు వోల్టేజీకి సమానంగా తగ్గదు, మూడు నాలుగింతల వేగంతో పడిపోతుంది. అయిదు శాతం వోల్టేజీ తగ్గితే పదిహేను శాతం వెలుగు తగ్గుతుంది. మన లెక్కలో మూడో వంతుకు పైగా వెలుగు మాయం. నాలుగు లైట్లు కొని రెండున్నర లైట్ల వెలుగుతో తిరగడమన్నమాట. పోయిన ఆ వోల్టులు తీగలో వేడిగా మారతాయి. అది దాదాపు ముప్ఫై వాట్లు, రేడియో రిపేరు షాపులో వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ అంత వేడి, బండి సీలింగు గుడ్డ వెనకాల దాగి ఉంటుంది. అదే చోట నాలుగు స్క్వేర్ ఎంఎం తీగ వేస్తే పోయేది అర వోల్టు కన్నా తక్కువ.

లావు ఒక్కటే సరిపోదు. గోడలో వేసే తీగ గోడలో కదలకుండా ఉంటుంది. కాలువ గట్టు మీద, నల్లరేగడి బండ్లబాటలో ఎగిరెగిరి పడే జీపులో తీగ నిమిషం కూడా కుదురుగా ఉండదు. పోగులు తక్కువగా, మందంగా ఉన్న తీగ వంగిన చోటే వంగి లోపల తెగిపోతుంది. అందుకే బండ్ల తీగలో వెంట్రుకల్లాంటి సన్న పోగులు చాలా ఉంటాయి. షాపులో అడిగేటప్పుడు "ఆటో వైరు ఇవ్వు" అని అడిగి, కొన మీద తొక్క గీకి పోగులు చూసి కొనండి.

ఇక స్విచ్చు సంగతి. డ్యాష్‌బోర్డు మీద బిగించే చిన్న స్విచ్చులు పద్దెనిమిది ఆంపియర్లు మోయడానికి పుట్టినవి కావు. బ్యాటరీ తీగను నేరుగా స్విచ్చులోకి తెచ్చి, అక్కడి నుంచి లైట్లకు పంపిన బండిలో పావుగంట తిరిగాక స్విచ్చు మీద వేలు పెట్టి చూడండి.

"ఏమప్పా, స్విచ్చు కాలుతాంది?"

"రిలే యేసినావా అన్నా?"

షెడ్డులో ఇంతకన్నా అవసరమైన ప్రశ్న లేదు. 1835 ప్రాంతంలో అమెరికన్ శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ చేసిన ఏర్పాటు ఈ రిలే. తీగ పొడుగయ్యేకొద్దీ నీరసించే విద్యుత్ సంకేతంతో ఒక అయస్కాంతాన్ని మేల్కొలిపి, ఆ అయస్కాంతం చేత ఇంకో బలమైన వలయాన్ని మూయించాడు. తర్వాత టెలిగ్రాఫ్ దూరాభారాలు దాటింది ఈ ఉపాయంతోనే. మనిషి పిడి తిప్పితే తూము తలుపు లేచి కాలువ నిండా నీళ్లు పారినట్టు, రిలేలో చిన్న కరెంటు పెద్ద కరెంటుకు దారి తీస్తుంది. స్విచ్చు గుండా పోయేది ఆంపియర్‌లో అయిదారో వంతు. పద్దెనిమిది ఆంపియర్లు బానెట్ కిందే ఉండి, బ్యాటరీ నుంచి రిలే మీదుగా నేరుగా టాపుకు పోతాయి. స్విచ్చు నొక్కగానే "టిక్" మని వినిపిస్తే ఆ అయస్కాంతం పని చేసిందని గుర్తు. టిక్కుమని కూడా లైటు రాకపోతే లోపం రిలే కాయిల్లో కాదు. ఫ్యూజు దగ్గరా, లైటు దగ్గరా, ఎర్త్ దగ్గరా చూసి, అవన్నీ బాగుంటే రిలే లోపలి కాంటాక్టు కాలిందేమో చూడాలి. చెవితోనే వెతుకులాట సగానికి తగ్గుతుంది.

అరచేతిలో పట్టే ఆ నల్ల డబ్బాను తిరగేసి చూశారా? పిన్నుల పక్కన చీమల్లాంటి అంకెలు అచ్చు వేసి ఉంటాయి: 30, 85, 86, 87. ఇవి కంపెనీ వరస సంఖ్యలు కావు. డిన్ 72552 అనే జర్మన్ ప్రమాణంలోంచి వచ్చిన గుర్తులు, ప్రపంచమంతా నడుస్తున్నాయి. 30 అంటే బ్యాటరీ నుంచి ఎప్పుడూ వచ్చే కరెంటు. 87 అంటే లైటుకు పోయే దారి. 86, 85 రెండూ లోపలి అయస్కాంతం కొసలు. ఒకదానికి స్విచ్చు తీగ, ఇంకోదానికి ఎర్త్. అదే పట్టికలో తాళం తిప్పితే వచ్చే కరెంటుకు 15, ఎర్త్‌కు 31, సెల్ఫ్‌కు 50, హై బీమ్‌కు 56ఏ. జర్మనీలో గీసిన వైరింగు పటమైనా, పుణె దగ్గరి చాకన్‌లో తయారైన బండిదైనా, ఈ అంకెలు తెలిసిన మెకానిక్‌కు భాష అడ్డు రాదు. అయిదో పిన్ను 87ఏ ఉన్న రిలే కొంటే మాత్రం జాగ్రత్త. రిలే నిద్రలో ఉన్నప్పుడు కరెంటు వచ్చేది ఆ పిన్నుకే. పొరపాటున లైటు తీగ దానికి తగిలిస్తే స్విచ్చు ఆపినప్పుడు లైటు వెలుగుతుంది, తెల్లారేసరికి బ్యాటరీ పడుకుంటుంది.

86కు వచ్చే స్విచ్చు తీగకు కరెంటు ఎక్కడి నుంచి ఇస్తారన్నది నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన నిర్ణయం. నేరుగా బ్యాటరీ నుంచి ఇస్తే టాపు లైట్లు తమ ఇష్టానికి వెలుగుతాయి. హై బీమ్ తీగ నుంచి ఇస్తే, ఎదురుగా బండి కనిపించి మీరు డిప్ చేసిన క్షణంలోనే అవీ ఆరిపోతాయి. మనిషి మరిచిపోయినా తీగ మరిచిపోదు. ఖర్చు ఒక్క మీటరు వైరు. ప్రతి బండిలోనూ ఇలాగే ఉండాలని గట్టిగా కోరుకుంటాను.

ఫ్యూజు ఎవరిని కాపాడుతుంది? లైటును అనుకుంటాం. కాదు, తీగను. బ్యాటరీ నుంచి బయల్దేరిన తీగ ఎక్కడో రేకు అంచుకు ఒరుసుకుని తొక్క పోయి బాడీకి తగిలితే వందల ఆంపియర్లు ఒక్కసారిగా పారతాయి. అప్పుడు ముందుగా కరిగేది ఫ్యూజు కావాలి, తీగ కాకూడదు. అందుకే అది లైటు దగ్గర కాదు, బ్యాటరీకి జానెడు దూరంలో ఉండాలి. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న తీగకు ఏ రక్షణా లేదు గనుక ఆ ముక్క ఎంత చిన్నదైతే అంత మేలు. రెండు కాళ్ల ప్లాస్టిక్ ఫ్యూజులు రంగుతోనే తమ సత్తా చెప్తాయి: ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. రంగు లేనిది 25. మన నాలుగు లైట్లకు ఆ రంగు లేనిదే తగినది. ఫ్యూజు పోయినప్పుడు సిగరెట్ పెట్టెలోని తగరం కాగితం చుట్టి పెట్టే అలవాటు ఇంకా పోలేదు. అలా పెట్టాక ఆ బండిలో ఫ్యూజు లేనట్టే లెక్క. మళ్లీ మళ్లీ పోతున్న ఫ్యూజు ఎక్కడో తీగ ఒరుసుకుంటోందని మొత్తుకుంటోంది. దాని నోరు మూయకండి.

రేకుకు రంధ్రం పెట్టి తీగ దూర్చిన ప్రతి చోటా రబ్బరు బుష్ ఉండాలి. టాపు నుంచి దిగే తీగ లోపలికి దూరే ముందు కిందికి ఓ వంపు తిరిగి పైకి వెళ్లాలి. వాన నీళ్లు ఆ వంపు దగ్గర బొట్లుగా రాలిపోతాయి, లోపలికి రావు.

ఎర్త్ విషయంలో అందరం పొరపడతాం. కరెంటు వెళ్లడానికి ఎంత దారి కావాలో తిరిగి రావడానికీ అంత దారి కావాలి. క్యారియర్‌కు పౌడర్ కోటింగ్ పెయింటు, టాపుకు పెయింటు, మధ్యలో రబ్బరు ప్యాడ్లు. లైటు నల్ల తీగను క్యారియర్ నట్టుకు చుట్టేస్తే కరెంటు ఎటు తిరిగి రావాలి? నాలుగు లైట్ల నల్ల తీగల్నీ కలిపి, వెళ్లినంత లావు తీగతో కిందికి తెచ్చి, ఛాసిస్ మీద పెయింటు గీకి మెరిసే ఇనుము కనిపించాక బిగించి, పైన గ్రీజు రాయాలి. కుందూ నది వైపు పొలాల చెమ్మకు ఆ కనెక్షన్ మీద రెండు వానాకాలాల్లో పచ్చగా చిలుము పడుతుంది. మసకబారిన లైట్లలో బల్బుకు వచ్చే జబ్బు కన్నా ఈ చిలుము జబ్బే ఎక్కువ.

ఇంజిన్ ఆపి పొలం గట్టున లైట్లు వేసుకుని పని చేసేవారికి ఒక మాట. 60 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఈ నాలుగింటినీ కాగితం మీద మూడు గంటలు మోస్తుంది. సగం ఖాళీ అయ్యేసరికే సెల్ఫ్ మొరాయిస్తుంది కాబట్టి గంటన్నర దాటనివ్వకండి.

ఎల్‌ఈడీ వచ్చాక ఈ బరువు చాలా దిగింది. తెల్ల ఎల్‌ఈడీకి తలుపు తీసింది నీలి ఎల్‌ఈడీ. దాన్ని సాధించిన ఇసాము అకసాకి, హిరోషి అమనో, షూజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. నాలుగు 18 వాట్ల ఎల్‌ఈడీ లైట్లు లాగేది ఆరు ఆంపియర్లే. ఇందులో ఒక తిరకాసుంది. లోపలి డ్రైవర్ సర్క్యూట్ వోల్టేజీ తగ్గితే వెలుగు తగ్గనివ్వదు, ఇంకాస్త కరెంటు లాగి సర్దుకుంటుంది. తీగ నాసిరకమని హాలోజెన్ మసకబారి చెప్పేది. ఎల్‌ఈడీ చెప్పదు. వాటిని వేయగానే రేడియోలో గరగర మొదలైతే ఆ డ్రైవర్ నాసిరకమని తెలుసుకోండి.

అసలు టాపు మీదే ఎందుకు? ఎత్తు నుంచి వెలుగు దూరం పోతుందన్నది నిజం. కానీ రోడ్డు మీద గుంత మనకు కనిపించేది దాని నీడ వల్ల. బంపర్ దగ్గరి లైటు గుంతకు పొడుగాటి నీడ గీస్తుంది. తల మీదుగా కురిసే లైటు ఆ నీడను చెరిపేస్తుంది, గుంత రోడ్డులో కలిసిపోతుంది. పైగా టాపు వెలుగు బానెట్ మీద పడి డ్రైవర్ కళ్లలోకే తిరిగొస్తుంది. దుమ్ములో, పొగమంచులో అయితే కళ్ల ముందు తెల్ల గోడే. కళ్లకూ లైటుకూ మధ్య దూరం తగ్గేకొద్దీ దుమ్ము రేణువులు వెలుగును ఎక్కువగా మన వైపే విసురుతాయి. మంచుకు వాడే లైట్లను బండికి అడుగున బిగించేది ఇందుకే. కోత మిషన్ టాపు మీద లైట్లు ఎంతో ఉపయోగం. నడక వేగంతో వెళ్లే మిషన్‌కు ముందున్న వరి మడి మొత్తం కనిపించాలి, గుంత నీడతో దానికి పని లేదు. అడవి దారిలో నడిచే జీపుకు మాత్రం బంపర్ మీది రెండు లైట్లు టాపు మీది నాలుగింటి కన్నా మేలు.

చట్టం ఏమంటుందో తెలుసా? కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లో 111వ నియమం వాహనం ముందువైపు స్పాట్ లైటు, సెర్చ్ లైటు వాడకూడదంటుంది. అసాధారణ పరిస్థితుల్లో రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి ఉంటేనే మినహాయింపు. 106వ నియమం ఇంకా సూక్ష్మంగా కొలుస్తుంది: దీపానికి 8 మీటర్ల ముందు, బండి కుడి అంచుకు అర మీటరు పక్కన, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కంటిని ఆ వెలుగు చెదరగొట్టకూడదు. ఆ కొలతలు ఎవరివో కాస్త ఊహించండి. ఎదురుగా వచ్చే మోటారు సైకిల్ మీది మనిషి కళ్లు దాదాపు అక్కడే ఉంటాయి. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో మార్చిన 182ఏ సెక్షన్ కింద, నిబంధనలకు విరుద్ధంగా బండిని మార్పించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. కంపెనీ హెడ్‌లైటు 155 మీటర్ల ముందున్న మనిషిని స్పష్టంగా చూపించాలని కూడా ఆ నియమావళే అంటుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో అది ఏడు సెకన్ల దారి. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా కడప వెళ్లే 40వ నంబరు జాతీయ రహదారి మీద అంతకు మించిన వెలుగు ఎవరికీ అక్కరలేదు. వెలుగు చాలడం లేదనిపిస్తే ముందు హెడ్‌లైటు అద్దం కడగండి, దాని ఎర్త్ చూడండి.

మరి ఈ లైట్లకు సరైన చోటేది? పొలం, క్వారీ, వరదలో చిక్కుకున్న ఊరు. అడవి కాదు. అహోబిలంలో పాములేటి నరసింహస్వామి దగ్గరికి జీపులు పోయే రాళ్ల దారి చూసినవారికి ఆ బండి మీద నాలుగు లైట్లుంటే బాగుండుననిపిస్తుంది. కానీ అది పగటి ప్రయాణం. నల్లమలలో రాత్రి జంతువులది. ఆత్మకూరు–దోర్నాల అడవి రోడ్డులో రాత్రిపూట వాహనాలను ఆపేసేది అందుకే.

వెలుగు పడగానే చిరుత కళ్లు, దుప్పి కళ్లు, మన గేదె కళ్లు కూడా మెరుస్తాయి. కంటి వెనక వెలుగును తిప్పి కొట్టే పొర వాటికి ఉంది, మనకు లేదు. పందికీ లేదు. రాత్రి చేను దాటి రోడ్డెక్కే అడవిపంది కళ్లు మెరవవు. ఎంత పెద్ద లైటున్నా "కళ్లు కనిపిస్తాయిలే" అనుకుంటే అది బండి ముందుకు వచ్చేదాకా తెలియదు.

ఇంకో సంగతి. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిందనుకున్న కలివికోడి 1986లో పొరుగు కడప జిల్లా లంకమల అడవిలో మళ్లీ దొరికింది. రాత్రి టార్చి వెలుగుకు కళ్లు బైర్లు కమ్మి నిలబడిపోతే స్థానికుడొకరు చేత్తో పట్టుకున్నారు. ఆ పక్షి కొద్ది రోజులకే చనిపోయింది. చేతి టార్చికే కాళ్లాడని ప్రాణి అది. టాపు మీది లైట్లు దానికి ఏం చేస్తాయో ఆలోచించండి.

ట్రాక్టరు ఉన్నవారికి చివరిగా. ఫెండర్ మీద వెనక్కి తిరిగి ఉండే దుక్కి లైటు మడిలో ఎంత అవసరమో రోడ్డు మీద అంత ప్రమాదం. వెనక వచ్చేవాడికి తెల్ల లైటు కనిపిస్తే ఎదురుగా బండి వస్తోందనుకుంటాడు. పొలం దాటి తారు ఎక్కే ముందు దాన్ని ఆపండి. ముందు లైట్లకు పెట్టే డబ్బులో కొంత ట్రాలీ వెనక్కి మళ్లించండి. వరిగడ్డి వేసుకున్న ట్రాలీకి వెనక లైట్లు గడ్డిలో మునిగిపోతాయి కాబట్టి ఎర్ర రిఫ్లెక్టర్లు చట్రం అంచున, గడ్డి కప్పని చోట ఉండాలి. ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్య ఏడు పిన్నుల సాకెట్ ఉంటుంది. అంతర్జాతీయ ప్రమాణంలో అందులో తెల్ల తీగ, మూడో పిన్ను, ఎర్త్. కుడి ఇండికేటర్ వేస్తే ఎడమదీ బ్రేకు లైటూ కూడా మసకగా మినుకుతుంటే బల్బులు మార్చకండి. ఆ మూడో పిన్ను మీద చిలుము గీకండి.